మూడున్నర లక్షల మంది దేశము ప్రపంచ కప్పుకు ఎట్లా పోయింది?



ఈసారి గోడపత్రికలో నేను ఫుట్‌బాల్ గురించి ఒక పాఠం వ్రాస్తున్నాను. కారణం మీకందరికీ తెలుసు. జోనల్ ఆటలకు పోయిన మన జట్టు మొదటి మ్యాచ్‌లోనే 0-4తో ఓడిపోయి తిరిగి వచ్చింది. పోయేముందు పి.ఇ.టి. సార్ దగ్గర కాగితంలో 16 పేర్లు ఉండేవి. వచ్చిన వారం లోపల ఏడుగురు తమ పేర్లు కొట్టేయించుకున్నారు. ఆ ఏడుగురిలో నేనొకడిని. "మనది చిన్న బడి సార్, మనతోని ఏమైతది" అని అన్నది కూడా నేనే. సార్ నన్ను కోపం చేయలేదు. "ఐస్‌లాండ్ సంగతి చదివి గోడపత్రికలో రాయి. తర్వాత మాట్లాడుదాం" అన్నారు. చదివాను. నాకు తెలిసింది ఇక్కడ వ్రాస్తున్నాను.

1. ఐస్‌లాండ్ ఎక్కడ ఉంది?

భూగోళం పటంలో యూరప్‌కు పైన, ఎడమ వైపున, అట్లాంటిక్ మహాసముద్రంలో ఒక ద్వీపం కనబడుతుంది. అదే ఐస్‌లాండ్. రాజధాని రేక్యావిక్. దేశ వైశాల్యం సుమారు 1,03,000 చదరపు కిలోమీటర్లు. అనగా మన తెలంగాణ కంటే కొంచెం చిన్నది. కాని జనాభా చూడండి. 2011 లెక్కల ప్రకారం తెలంగాణలో మూడున్నర కోట్ల మంది ఉన్నారు. 2017లో ఐస్‌లాండ్‌లో దాదాపు మూడున్నర లక్షల మంది మాత్రమే. మన దగ్గర నూరు మంది ఉన్న చోట అక్కడ ఒక్కరు ఉంటారన్నమాట.

డిసెంబరులో అక్కడ పగలు నాలుగు గంటలే ఉంటుంది. తక్కినదంతా చీకటి, మంచు, ఈదురుగాలి. మన దగ్గర చలికాలం పొద్దున ప్రార్థనకు లేవడానికే మనం దుప్పట్లు వదలము. వాళ్ళు ఫుట్‌బాల్ ఎట్లా ఆడతారు? ఈ ప్రశ్నకు జవాబు మూడో భాగంలో వస్తుంది.

వాళ్ళకు మనలాగ ఇంటిపేర్లు సాధారణంగా ఉండవు. తండ్రి పేరుకు "సన్" అని చేరుస్తారు. "సన్" అంటే కొడుకు. అందుకే ఆటగాళ్ళ పేర్లు చాలావరకు సన్, సన్ అని ముగుస్తాయి. చదివేటప్పుడు తికమక పడవద్దు.

2. అర్హత పోటీలు అనగా నేమి?

ప్రపంచ కప్పు నాలుగేళ్ళకు ఒకసారి వస్తుంది. 2018లో అది రష్యాలో జరిగింది. దానిలో 32 జట్లకే చోటు. కాని ప్రపంచంలో రెండు వందలకు పైగా జట్లు ఉన్నాయి. కాబట్టి ముందుగా అర్హత పోటీలు పెట్టి ఏరుతారు.

యూరప్‌లో 54 జట్లను తొమ్మిది గ్రూపులు చేశారు. గ్రూపుకు ఆరు జట్లు. ప్రతి జట్టూ తక్కిన ఐదింటితో రెండేసిసార్లు ఆడాలి. ఒకసారి సొంత ఊర్లో, ఒకసారి వాళ్ళ ఊర్లో. మొత్తం పది మ్యాచ్‌లు. గెలిస్తే 3 పాయింట్లు, సమానమైతే 1, ఓడితే సున్న. గ్రూపులో మొదటి స్థానం వస్తే నేరుగా ప్రపంచ కప్పుకు. రెండో స్థానం వచ్చిన తొమ్మిది జట్లలో మెరుగైన ఎనిమిదికి ప్లే-ఆఫ్ అని ఇంకో గండం ఉంటుంది. అది దాటినవి నాలుగే.

మన దేశం సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. 1950లో భారతదేశానికి అర్హత వచ్చింది. అయితే ఒక్క అర్హత మ్యాచ్ కూడా ఆడలేదు. మన గ్రూపులోని బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ తప్పుకున్నాయి కాబట్టి వచ్చింది. చివరికి మనవాళ్ళు బ్రెజిల్ పోనేలేదు. ఆ తర్వాత 2026 కప్పు దాకా మళ్ళీ మనకు అర్హత రాలేదు. ఐస్‌లాండ్‌కు మాత్రం ఎవరూ తప్పుకొని దారి ఇవ్వలేదు. పదికి పది ఆడి సంపాదించుకుంది.

3. ముందు చేసిన పని

ఇది కథలో అందరూ వదిలేసే భాగం. నాకు ముఖ్యమనిపించినది ఇదే.

చలికాలంలో బయట ఆడలేరు కాబట్టి 2000 సంవత్సరంలో కెఫ్లావిక్ అనే ఊర్లో పూర్తి మైదానం పట్టేంత పెద్ద షెడ్డు కట్టారు. లోపల కృత్రిమ గడ్డి. తర్వాత ఇతర ఊర్లలో కూడా కట్టారు. బడుల దగ్గర నూరుకు పైగా చిన్న కృత్రిమ గడ్డి మైదానాలు వేశారు. ఐదారేళ్ళ పిల్లలకు కూడా శిక్షణ పొందిన కోచ్‌లే నేర్పుతారు. ఆ షెడ్లలో ఆడి పెరిగిన పిల్లలు 2011లో 21 ఏళ్ళ లోపు వారి యూరప్ పోటీలకు అర్హత పొందారు.

అయినా పెద్దల జట్టు వెంటనే గెలవలేదు. 2012లో ప్రపంచ ర్యాంకులలో 131వ స్థానానికి పడిపోయింది. 2014 ప్రపంచ కప్పు కోసం ప్లే-ఆఫ్ దాకా వచ్చింది. 2013 నవంబరులో క్రొయేషియాతో రేక్యావిక్‌లో 0-0. నాలుగు రోజుల తర్వాత జాగ్రెబ్‌లో 0-2. గడప దాకా వచ్చి వెనక్కి పోయారు. ఆ క్రొయేషియా పేరు గుర్తు పెట్టుకోండి.

అప్పుడు స్వీడన్ దేశస్థుడు లార్స్ లాగర్‌బాక్ కోచ్. ఆయనతో పాటు పని చేసినవాడు హైమిర్ హల్‌గ్రిమ్‌సన్. ఈయన వృత్తికి పళ్ళ డాక్టరు. ఇద్దరూ కలిసి 2016 యూరో కప్పులో ఇంగ్లండ్‌ను 2-1తో ఓడించారు. ఆ తర్వాత లాగర్‌బాక్ వెళ్ళిపోయారు. 2018 కోసం హైమిర్ ఒక్కడే కోచ్‌గా నిలిచాడు.

4. పది మ్యాచ్‌ల లెక్క

గ్రూపులో ఐస్‌లాండ్‌తో పాటు క్రొయేషియా, ఉక్రెయిన్, టర్కీ, ఫిన్లాండ్, కొసావో ఉన్నాయి. మళ్ళీ అదే క్రొయేషియా! ఐస్‌లాండ్ గోల్స్ ముందు వ్రాశాను. చివరన ఉన్నది అప్పటికి కూడిన పాయింట్లు.

1) 5 సెప్టెంబరు 2016, ఉక్రెయిన్‌లో: 1-1. పాయింట్లు 1
2) 6 అక్టోబరు 2016, ఫిన్లాండ్‌తో సొంత ఊర్లో: 3-2. పాయింట్లు 4
3) 9 అక్టోబరు 2016, టర్కీతో సొంత ఊర్లో: 2-0. పాయింట్లు 7
4) 12 నవంబరు 2016, క్రొయేషియాలో: 0-2. పాయింట్లు 7
5) 24 మార్చి 2017, కొసావోతో: 2-1. పాయింట్లు 10
6) 11 జూన్ 2017, క్రొయేషియాతో సొంత ఊర్లో: 1-0. పాయింట్లు 13
7) 2 సెప్టెంబరు 2017, ఫిన్లాండ్‌లో: 0-1. పాయింట్లు 13
8) 5 సెప్టెంబరు 2017, ఉక్రెయిన్‌తో సొంత ఊర్లో: 2-0. పాయింట్లు 16
9) 6 అక్టోబరు 2017, టర్కీలో: 3-0. పాయింట్లు 19
10) 9 అక్టోబరు 2017, కొసావోతో సొంత ఊర్లో: 2-0. పాయింట్లు 22

కొసావోలో తగిన స్టేడియం సిద్ధంగా లేనందున ఐదో మ్యాచ్ అల్బేనియాలో జరిగింది.

రెండో మ్యాచ్ చూడండి. 90 నిమిషాలు అయిపోయే సరికి ఫిన్లాండ్ 2-1తో ముందుంది. ఆట మధ్యలో ఆగిన సమయానికి బదులు చివరన కొన్ని నిమిషాలు కలుపుతారు కదా. ఆ కలిపిన సమయంలో మొదటి నిమిషంలో ఆల్‌ఫ్రెద్ ఫిన్‌బోగసన్, ఆరో నిమిషంలో రాగ్నార్ సిగుర్డ్‌సన్ గోల్స్ కొట్టారు. ఓడవలసినది గెలిచారు. మన మ్యాచ్‌లో మూడో గోల్ పడ్డాక మనం నడవడం మొదలుపెట్టాము. నేను నడిచాను, అందుకే వ్రాస్తున్నాను.

ఆరో మ్యాచ్‌లో కూడా అంతే. క్రొయేషియాతో 0-0గా ఉంది. 90వ నిమిషంలో హోర్దుర్ మాగ్నుసన్ గోల్ చేశాడు. 2013లో బాధ పెట్టిన జట్టు మీద ఆ ఒక్క గోల్‌తో గెలిచారు.

5. ఓడిపోయిన తర్వాత మూడు రోజులు

ఏడో మ్యాచ్‌లో ఫిన్లాండ్ చేతిలో ఓడిపోయారు. ఫిన్లాండ్ గ్రూపులో కింద ఉన్న జట్టు. ఆ ఓటమితో ఐస్‌లాండ్ మూడో స్థానానికి జారింది. క్రొయేషియా 16, ఉక్రెయిన్ 14, ఐస్‌లాండ్ 13. ఇంక అయిపోయిందని ఎవరైనా అనుకుంటారు.

మూడు రోజులే గడువు. మూడో రోజు ఉక్రెయిన్ వచ్చింది. గిల్ఫి సిగుర్డ్‌సన్ రెండు గోల్స్ కొట్టాడు. 2-0. అదే రోజు టర్కీ క్రొయేషియాను ఓడించింది. ఇప్పుడు క్రొయేషియా 16, ఐస్‌లాండ్ 16. మూడు రోజుల కింద మూడో స్థానం, ఇప్పుడు పై వాళ్ళతో సమానం!

తర్వాత నెలలో టర్కీ పోయారు. ఎస్కిషెహిర్ పట్టణం. స్టేడియం అంతా టర్కీ జనం గోల. యోహాన్ బెర్గ్ గుడ్‌మున్‌సన్, బిర్కిర్ బ్యార్నసన్, కారి అర్నసన్ తలా ఒక గోల్ చేసి 3-0తో గెలిచారు. ఆ రోజే క్రొయేషియా, ఫిన్లాండ్ మ్యాచ్. గెలుస్తున్న క్రొయేషియా మీద ఫిన్లాండ్ చివరి నిమిషంలో గోల్ కొట్టి 1-1 చేసింది. చూడండి మిత్రులారా, ఐస్‌లాండ్‌ను ఓడించిన ఫిన్లాండే క్రొయేషియాకు రెండు పాయింట్లు తగ్గించింది. పేర్లు కొట్టేసుకొని ఇంట్లో కూర్చున్నవానికి ఇట్లాంటి సాయం వచ్చినా పనికిరాదు.

చివరి మ్యాచ్‌లో కొసావో మీద గిల్ఫి ఒకటి, యోహాన్ బెర్గ్ ఒకటి. ఐస్‌లాండ్ 22 పాయింట్లతో మొదటి స్థానం. క్రొయేషియాకు 20. అప్పటి వరకు ప్రపంచ కప్పుకు వచ్చిన దేశాలన్నింటిలో ఐస్‌లాండే చిన్నది. పది లక్షల లోపు జనాభా ఉన్న దేశం రావడం అదే మొదలు. 2025 నవంబరులో కురసావో అనే ఇంకా చిన్న ద్వీపం 2026 కప్పుకు అర్హత పొంది ఆ రికార్డు దాటింది.

6. ప్రపంచ కప్పులో ఏమైంది?

2018 జూన్ 16న మాస్కోలో మొదటి మ్యాచ్ అర్జెంటీనాతో. 1-1. మెస్సీ కొట్టిన పెనాల్టీని గోల్‌కీపర్ హానెస్ హల్‌దోర్సన్ ఆపాడు. ఈయన సినిమా డైరెక్టరుగా కూడా పని చేసినవాడు. ఆ జట్టులోనే బిర్కిర్ మార్ సైవార్సన్ అనే ఆటగాడు ఉప్పు ప్యాకెట్లు కట్టే ఫ్యాక్టరీలో పని చేసేవాడు. తక్కిన వారిలో చాలామంది విదేశీ క్లబ్బులలో ఆడేవారు.

తర్వాత నైజీరియా చేతిలో 0-2, క్రొయేషియా చేతిలో 1-2తో ఓడి ఒక్క పాయింటుతో ఇంటికి వచ్చారు. ఆ క్రొయేషియా ఫైనల్ దాకా పోయింది. అర్హత పోటీల్లో ఐస్‌లాండ్ కింద నిలిచిన జట్టు అది! ఆ తర్వాత 2022కు, 2026కు ఐస్‌లాండ్‌కు అర్హత రాలేదు. ఉన్నది ఉన్నట్టు వ్రాస్తున్నాను. ఒకసారి గెలిస్తే ఎప్పుడూ గెలుస్తామని కాదు.

7. నాకు అర్థమైనది

ఈ వ్యాసం ముందుగా చూపిస్తే నా పక్క మంచం మిత్రుడు ఒక మాట అడిగాడు. "వాళ్ళకు పది మ్యాచ్‌లున్నయి రా. రెండు ఓడినా నడిచింది. మనకు జోనల్‌ల ఒక్కటి ఓడితే ఇంటికే గదా?" అన్నాడు. మంచి ప్రశ్న. రెండు రోజులు ఆలోచించాను.

నిజమే, ఈ సంవత్సరం మనది అయిపోయింది. కాని ఐస్‌లాండ్‌కు కూడా 2013 నవంబరులో అంతా అయిపోయింది. మళ్ళీ మొదలుపెట్టడానికి వాళ్ళు దాదాపు మూడేళ్ళు ఆగవలసి వచ్చింది. మనకు వచ్చే జోనల్‌కు పదకొండు నెలలే ఉన్నాయి. అప్పుడు ఓడిపోయిన వాళ్ళలో చాలామందే 2017లో గెలిచారు. ఓడినప్పుడు వాళ్ళు కూడా పేర్లు కొట్టేయించుకుంటే గెలవడానికి ఎవరుండేవారు?

రెండవది. చిన్న దేశం కాబట్టి దేవుడు దయ తలచి గెలిపించలేదు. ముందు షెడ్లు కట్టారు, కోచ్‌లను తయారు చేశారు, పిల్లలకు నేర్పారు. పదిహేడేళ్ళకు ఫలితం వచ్చింది. మనకు షెడ్డు అక్కరలేదు. మన దగ్గర డిసెంబరులో కూడా సాయంత్రం ఎండ ఉంటుంది. మైదానం ఉంది. లేనిది రోజూ ఆడే అలవాటు.

వార్డెన్ సార్ గారికి ఒక చిన్న మనవి. సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు గంటసేపు, వారానికి నాలుగు రోజులు మాకు మైదానం ఇప్పించగలరు. స్టడీ అవర్‌కు బెల్లు కొట్టక ముందే కాళ్ళు కడుక్కొని కూర్చుంటామని నేను మాట ఇస్తున్నాను. ఉన్న ఒక్క బంతికి కుట్లు ఊడినవి, కుట్టిస్తే ఇంకో ఆరు నెలలు వస్తుంది.

ప్రశ్నలు (జవాబులు వ్రాసి గోడపత్రిక డబ్బాలో వేయండి)

1. ఐస్‌లాండ్ 22 పాయింట్లు ఎన్ని గెలుపులతో, ఎన్ని సమానాలతో వచ్చినవి?
2. పది మ్యాచ్‌లలో కొట్టిన గోల్స్ ఎన్ని? ఇచ్చిన గోల్స్ ఎన్ని?
3. ఏడో మ్యాచ్ తర్వాత నీవు ఆ జట్టులో ఉంటే ఏమి చేసేవాడివి?

మూడో ప్రశ్నకు నా జవాబు నేనే చెప్పేస్తాను. నిన్న పి.ఇ.టి. సార్ దగ్గరికి పోయి కాగితంలో నా పేరు మళ్ళీ వ్రాయించుకున్నాను. సార్ ఏమీ అనలేదు, పెన్ను ఇచ్చారు. ఇప్పుడు పది పేర్లు ఉన్నాయి. జట్టుకు పదకొండు కావాలి. ఇంకో ఆరుగురు ఎవరో నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. ఒక్కరు వచ్చినా జట్టు అవుతుంది.

తప్పులున్న యెడల మన్నించగలరు.

ఇట్లు,
మీ మిత్రుడు,
9వ తరగతి, రూమ్ నెం. 4