ద్రాక్షతోటల సీమలో కొండబాటలు

(సాంఘికశాస్త్రం పేజీ. రాసినది: 9వ తరగతి విద్యార్థి)



కార్తీకమాసం వస్తోంది. వనభోజనాలకు ఎక్కడికి వెళ్దామా అని హాస్టల్లో అన్ని గదుల్లోనూ అప్పుడే చర్చ మొదలైంది. అందుకని ఈసారి మన గోడపత్రికలో ఒక ప్రయాణం పాఠం రాద్దామనుకున్నాను. ఇది మన ఊళ్ళ పాఠం కాదు. అమెరికా దేశంలో పడమటి సముద్రం ఒడ్డున ఉన్న కాలిఫోర్నియా రాష్ట్రానిది. చివర్లో మాత్రం మన సంగతి ఒకటి ఉంది. అది చెప్పడానికే మిమ్మల్ని ఇంత దూరం తిప్పుతున్నాను. సగంలో వదిలేసి వెళ్ళిపోకండి.

ఎక్కడ ఉంది?

అట్లాసులో శాన్ ఫ్రాన్సిస్కో నగరం వెతకండి. అక్కడి నుండి ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్లు వెళ్తే నాపా, సోనోమా అనే రెండు లోయలు పక్కపక్కనే ఉంటాయి. రెంటికీ మధ్య మాయకామస్ అనే కొండల వరస. నాపా లోయ పొడవు 50 కిలోమీటర్లు కూడా ఉండదు. లోయ అడుగునంతా ద్రాక్షతోటలే. ఆ ద్రాక్షతో వైన్ చేస్తారు. అందుకే ఆ ప్రాంతాన్ని వైన్ సీమ అంటారు. వార్డెన్ గారు కంగారు పడవద్దు. మనం వెళ్ళేది సీసాల దగ్గరికి కాదు, తోటల పైన ఉన్న కొండల మీదికి.

అక్కడి వాన మనకు తలకిందులు. మనకు జూన్ నుండి సెప్టెంబరు దాకా వానలు. వాళ్ళకు నవంబరు నుండి మార్చి దాకా చలికాలంలోనే వానలు. ఎండాకాలం నెలల తరబడి చినుకు ఉండదు. పగలు ఎండ, రాత్రి సముద్రం మీద నుండి వచ్చే చల్లని మంచు. ఈ వాతావరణమే ద్రాక్షకు పడుతుంది. కాని అదే ఎండకు కొండల మీద గడ్డి పండి, ఎండి, అగ్గిపుల్ల కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి. పాఠానికి ఇదే కీలకం.

నడవడానికి ఏమున్నాయి?

1. షుగర్‌లోఫ్ రిడ్జ్ పార్కు: సోనోమా వాగు ఇక్కడి కొండల్లోనే పుడుతుంది. పార్కులో గుడారాలు వేసుకునే చోట్లు ఉన్నాయి. బాల్డ్ అనే బోడికొండ ఎత్తు సుమారు 830 మీటర్లు. పెద్ద దుర్భిణులతో నక్షత్రాలు చూపించే పరిశీలనశాల కూడా ఉంది. ఒక కాలిబాట వెంట సూర్యుడు, గ్రహాలు ఎంతెంత దూరంలో ఉన్నాయో కొలత తగ్గించి పలకలు పెట్టారు. నడుస్తూ నడుస్తూ సౌరకుటుంబం నేర్చుకోవచ్చు. మన సైన్సు మాస్టారు ఇది చదివితే మన గ్రౌండులో కూడా అలాంటిది పెట్టిస్తారేమో!

2. బోతే–నాపా వ్యాలీ పార్కు: ఇది లోయలోనే, తోటల పక్కనే ఉంది. వాగు పక్కన రెడ్‌వుడ్ చెట్ల నీడలో బాటలు. ఇక్కడా గుడారాలు వేసుకోవచ్చు. ఒక బాట వెంట నడిస్తే 1846లో కట్టిన పిండిమర దగ్గరికి చేరతాం. అది నీటి చక్రంతో తిరిగే మర.

3. సెయింట్ హెలెనా కొండ: ఎత్తు 1,323 మీటర్లు. మన మన్యంలో 1,600 మీటర్లు దాటిన కొండలున్నాయి కాబట్టి ఎత్తులో మనమే మిన్న. శిఖరానికి ఒక వైపే 8 కిలోమీటర్ల నడక. ఆకాశం తేటగా ఉన్న రోజున దాదాపు 300 కిలోమీటర్ల దూరంలోని శాస్తా మంచుకొండ కూడా కనబడుతుంది. దారిలో తాగునీళ్ళు దొరకవు, మోసుకుపోవలసిందే. రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ అనే రచయిత 1880లో, ఒంట్లో బాగాలేక, చేతిలో డబ్బు లేక, భార్యతో ఈ కొండ మీద వదిలేసిన గని కొట్టంలో కాపురం పెట్టాడు. పార్కుకు ఆయన పేరే పెట్టారు. ఇక్కడ రాత్రి ఉండనివ్వరు.

4. ఆర్మ్‌స్ట్రాంగ్ రెడ్‌వుడ్ అడవి: ఇక్కడ ఒక చెట్టు వయసు 1,400 ఏళ్ళు దాటిందంటారు. ఇంకొక చెట్టు ఎత్తు 94 మీటర్లు. అంటే నాలుగైదు తాటిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత. ఈ చెట్ల బెరడు చాలా మందం, చిన్న మంటకు లొంగదు. 2020లో కార్చిచ్చు ఈ అడవిలోకి వచ్చినా ఆ ముసలి చెట్లు నిలబడ్డాయి.

5. జాక్ లండన్ పార్కు: ఒక కుక్క కథ రాసి 1903లో లోకమంతా పేరు తెచ్చుకున్న రచయిత పొలం ఇది. రాళ్ళతోను రెడ్‌వుడ్ దుంగలతోను ఆయన పెద్ద ఇల్లు కట్టించాడు. గృహప్రవేశం ఇంకా కాలేదు, 1913 ఆగస్టులో ఒక రాత్రి ఇల్లంతా కాలిపోయింది. రాతి గోడలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఎవరో కావాలని తగలబెట్టారని చాలాకాలం అనుకున్నారు. 1995లో నిపుణులు వచ్చి పరిశీలించి, కర్రకు నూనె పూసిన గుడ్డలు వదిలేస్తే అవే వేడెక్కి అంటుకుని ఉంటాయని చెప్పారు. శత్రువు అక్కర్లేదు, మరిచిపోయిన గుడ్డ చాలు.

గుడారం వేసేవాళ్ళు పాటించేవి

అక్కడ ఎవరికి తోచిన చోట వాళ్ళు గుడారం వెయ్యరు. ముందే చోటు రాయించుకోవాలి. తిండి వస్తువులు మూత గట్టిగా పడే పెట్టెలో పెట్టాలి. లేకపోతే రాత్రి రకూన్లు అనే దొంగ జంతువులు వచ్చి ఎత్తుకుపోతాయి. మూడేసి ఆకులుండే ఒక విషపు పొద ఉంది, పాయిజన్ ఓక్ అంటారు. తగిలితే మన దురదగొండి నయమనిపిస్తుంది. ఒళ్ళంతా బొబ్బలు లేస్తాయి. బాట వంకర తిరిగిందని అడ్డంగా దిగకూడదు. దిగితే ఆ గాడి వెంట వాననీళ్ళు పారి కొండ కోసుకుపోతుంది. ఎండు పుల్లలు కూడా ఏరకూడదు. అవి మట్టిలో కలిసి అడవికే ఎరువు కావాలి. తెచ్చిన చెత్త తెచ్చినవాళ్ళే తీసుకుపోవాలి.

అన్నిటికన్నా పెద్ద నియమం నెగడు గురించి. ఇనుప కట్టు వేసిన గుంటలో తప్ప ఇంకెక్కడా నెగడు వెయ్యకూడదు. ఎండ బాగా ముదిరిన రోజుల్లో అసలే వెయ్యకూడదు. ఆర్పడానికి కూడా ఒక పద్ధతి ఉంది. నీళ్ళు పోయాలి, కర్రతో కలపాలి, మళ్ళీ నీళ్ళు పోయాలి. ఆ తర్వాత చెయ్యి వెనక వైపు బూడిదకు దగ్గరగా పెట్టి చూడాలి. వేడి తగిలితే ఆరనట్టే, మళ్ళీ మొదటి నుండి. వట్టి మట్టి కప్పితే సరిపోదు. మట్టి కింద నిప్పు చాలాసేపు బతికే ఉంటుంది.

నిప్పు చేసిన నష్టం

2017 అక్టోబరు 8 రాత్రి పెద్ద గాలి లేచింది. నాపా లోయ పైన కాలిస్టోగా అనే ఊరి దగ్గర పుట్టిన ఒక్క కార్చిచ్చులోనే 22 మంది చనిపోయారు. 5,600కు పైగా ఇళ్ళు, కట్టడాలు కాలిపోయాయి. అది నెగడు వల్ల కాదు, ఒకరి స్థలంలోని కరెంటు సామాను వల్ల మొదలైందని తర్వాత విచారణలో చెప్పారు. అదే నెలలో వేరే మంటలో షుగర్‌లోఫ్ పార్కు చాలా భాగం కాలింది. 2020లో మళ్ళీ ఇంకో మంట వచ్చింది. ఆ ఏడాది తోటలు కాలనిచోట కూడా పంట పోయింది. ఎందుకంటే ద్రాక్షతొక్క పొగను పీల్చుకుంటుంది, దాంతో చేసిన వైన్ మసి రుచి వస్తుంది.

ఆ కొండలు ఎవరివి?

పార్కులు రాకముందు, తోటలు రాకముందు అక్కడ వాప్పో, పోమో, మివోక్ అనే గిరిజనులు ఉండేవాళ్ళు. వాళ్ళకు నిప్పు శత్రువు కాదు. అదను చూసి, గాలి చూసి చిన్న చిన్న మంటలు పెట్టి ఎండుగడ్డిని, చెత్తను కాల్చేవాళ్ళు. దానివల్ల పెద్ద మంటకు మేత ఉండేది కాదు. బుట్టలకు పనికొచ్చే లేత కొమ్మలు కూడా తిన్నగా లేచేవి. మన పెద్దలు పోడు కాల్చే ముందు చుట్టూ గడ్డి చెక్కి గీత తియ్యరూ, అలాంటి తెలివే ఇది. 1850లో కాలిఫోర్నియా ప్రభుత్వం చట్టం చేసి గడ్డిమైదానాలకు నిప్పు పెడితే జరిమానా అంది. ఏళ్ళ తరబడి ఎండుచెత్త పేరుకుపోయింది. 2021లో ఇంకో చట్టం చేసి, నిప్పు పెట్టడంలో అనుభవం ఉన్నవాళ్ళకు, గిరిజనులకు కొంత వెసులుబాటు ఇచ్చారు. అంటే అడవిలో ఉన్నవాళ్ళ మాట వినడానికి 171 ఏళ్ళు పట్టింది.

సోనోమా సరస్సు సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు అక్కడ పడవలు, గుడారాలు, కాలిబాటలు ఉన్నాయి. 1980ల మొదట్లో ఆనకట్ట కడితే ఏర్పడిన సరస్సు అది. ముంపు అనే మాట మనకు కొత్త కాదు కదా. పోమో ఆడవాళ్ళు బుట్టలల్లే తుంగజాతి గడ్డి ఆ వాగు ఒడ్డునే పెరిగేది. దాని వేళ్ళతోనే అల్లిక. నీళ్ళు నిండకముందే ఆ దుబ్బుల్ని తవ్వి వేరేచోట నాటించారు. ఈ పనిలో సలహా చెప్పినవాళ్ళలో లారా ఫిష్ సోమర్సల్ అనే బుట్టలల్లే అవ్వ ఒకరు. వాప్పో భాష ధారాళంగా మాట్లాడగలిగిన ఆఖరి మనిషి ఆమే. 1990లో చనిపోయారు. గడ్డిని ఇంకోచోట నాటారు గాని భాషను నాటడానికి మనుషులు మిగల్లేదు. మనలో సెలవులకు ఇంటికి వెళ్ళి అమ్మమ్మతో కూడా తెలుగే మాట్లాడేవాళ్ళు ఈ నాలుగు వాక్యాలు రెండోసారి చదవండి.

ఇప్పుడు మన సంగతి

పోయినేడు వనభోజనాల రోజు పొయ్యి ఆర్పే పని నాకు అప్పజెప్పారు. బిందెలో నీళ్ళు అడుగంటాయి. వాగు దాకా మళ్ళీ దిగాలంటే బద్ధకం వేసింది. అందరూ రమ్మని కేకలేస్తున్నారు. కాలితో మట్టి తోసి కప్పి వచ్చేశాను. మర్నాడు మధ్యాహ్నం గాలి లేచి ఆ గుట్ట అంటుకుంది. ఒక తాత ఇంటి కప్పుకు కోసుకుందామని ఉంచుకున్న బోదగడ్డి, ఆయన నాటిన పది పన్నెండు జీడిమామిడి మొక్కలు కాలిపోయాయి. ఆయన మన బడికి వచ్చి ఎవర్నీ ఏమీ అనలేదు. చిన్నపిల్లలు, తెలియక చేసుంటారు అన్నాడట. తెలియక కాదు, బద్ధకం వల్ల. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మన కొండలకు పిక్నిక్‌కి వచ్చి సీసాలు పగలగొట్టి వెళ్ళేవాళ్ళని మనం తిట్టుకుంటాం. పక్క ఊరి గుట్ట మీదికి వెళ్ళినప్పుడు మనమూ చుట్టాలమే. చుట్టం చుట్టంలా ఉండాలి.

అందుకని వార్డెన్ గారికి నా మనవి: ఈసారి ఒక్కో పొయ్యికి రెండు బిందెల నీళ్ళు ఆర్పడానికే విడిగా ఉంచాలి. ఆర్పేవాళ్ళ పేర్లు ముందే బోర్డు మీద రాయాలి. చెయ్యి పెట్టి చూసి, చల్లబడిందని పెద్దవాళ్ళు చెప్పాకే బయలుదేరాలి. మొదటి పేరు నాదే రాయండి. వానలు పడగానే ఆ తాతకు జీడిమామిడి మొక్కలు నాటి ఇవ్వాలని కూడా అనుకుంటున్నాను. తోడు వచ్చేవాళ్ళు నాకు చెప్పండి.

ప్రశ్నలు

1. నాపా, సోనోమా లోయల్ని ఏ కొండలు వేరు చేస్తున్నాయి?
2. అక్కడి వానకాలానికి, మన వానకాలానికి తేడా ఏమిటి?
3. మట్టి కప్పితే నిప్పు ఎందుకు ఆరదు?
4. సరస్సు నిండకముందు తుంగదుబ్బుల్ని ఎందుకు తవ్వి నాటారు?
5. మీ ఊళ్ళో పెద్దలు నిప్పును అదుపు చేసే పద్ధతి ఏమిటి? సెలవుల్లో అడిగి, వాళ్ళ భాషలో చెప్పిన మాటలతోనే రాసి తీసుకురండి. వచ్చే సంచికలో వేద్దాం.