పలకల సరిహద్దులు – మన దక్కను శిలలు

2024వ సంవత్సరం డిసెంబరు 4వ తేదీ ఉదయం ఏడున్నర గంటల ప్రాంతంలో ములుగు జిల్లాలో భూమి కంపించినది. రిక్టరు స్కేలుపై దాని తీవ్రత 5.3గా నమోదయినది. ఆ ప్రకంపనలు హైదరాబాదు తూర్పు శివారుల దాకా వచ్చినవి. ఆ దినం నేను తరగతిలో అడుగు పెట్టగానే బాటసింగారం నుండి వచ్చే విద్యార్థి ఒకడు లేచి, “సార్, మా ఇంట్లో అరలమీది గిన్నెలు గలగలలాడినవి. మా ఊరి చుట్టూ ఇంత గట్టి రాతి గుట్టలు ఉన్నవి గదా! ఇక్కడికి భూకంపం ఎట్లా వచ్చింది?” అని అడిగాడు. వెనుక బెంచీ నుండి మరొకడు, “మా నానీ జల్జలా, జల్జలా అంటూ అందరినీ వాకిట్లోకి తరిమింది సార్” అన్నాడు. తరగతి అంతా నవ్వినది.

నేను భాష బోధించేవాడినే గాని భూగర్భ శాస్త్రజ్ఞుడిని కాను. అయినా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. తెలిసినవారిని అడిగి, గ్రంథాలు తిరగవేసి నేర్చుకొన్న సంగతులను విద్యార్థి మిత్రులకు సులభంగా అందించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పలకలు అనగా నేమి?

భూమి పైపొర ఒకే ముక్క కాదు. అది ఏడు పెద్ద పలకలుగా, అనేక చిన్న పలకలుగా విడిపోయి ఉన్నది. ఒక్కొక్క పలకలో పైన భూపటలం, దాని అడుగున ప్రావారపు పై భాగం కలిసి ఉంటవి. పలకలు కరిగిన లావా సముద్రంపై తేలుతున్నవని చాలామంది అనుకొంటారు. అది పొరపాటు. వాటి కింద ఉన్నది కూడా చాలావరకు ఘనశిలయే. అయితే అత్యధికమైన వేడి వల్ల అది మెత్తబడి, లక్షల సంవత్సరాల కాలగతిలో మెల్లగా ప్రవహిస్తుంది.

మన వంట ఇంటిలోనే దీనికి పోలిక ఉన్నది. పాలు కాగుతున్నప్పుడు నడుమ నుండి వేడి పాలు పైకి లేస్తవి. అక్కడ మీగడ చీలి పక్కలకు జరుగుతుంది. గిన్నె అంచున అదే మీగడ ముడుతలు పడుతుంది. భూమి పైపొర నడవడిని కొంతవరకు ఇట్లా ఊహించుకోవచ్చు. అయితే పలకలను కింది వేడి ఒక్కటే నడపడం లేదు. చల్లబడి బరువెక్కిన సముద్రపు పలక అంచు లోపలికి మునుగుతూ తన వెనుక ఉన్న భాగాన్ని లాగడం కూడా ఈ కదలికకు ముఖ్యకారణం.

ఖండాలు కదులుతవని 1912లో ఆల్ఫ్రెడ్ వెజినర్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించాడు. ఎట్లా కదులుతవో ఆయన తృప్తికరంగా చెప్పలేకపోవడం వల్ల ఎక్కువమంది పండితులు అంగీకరించలేదు. సముద్రగర్భ పరిశోధనలు సాగిన తరువాత, 1960 దశకంలో ఆ భావం కొత్త రూపంలో నిలబడినది. అదే నేటి పలక విరూపణ సిద్ధాంతం.

మూడు విధాల సరిహద్దులు

రెండు పలకలు కలిసేచోట మూడు విధాల వ్యవహారం జరుగుతుంది. అవి ఒకదాని నుండి ఒకటి దూరం జరుగుతవి. లేదా ఎదురెదురుగా వచ్చి ఢీకొంటవి. లేదా పక్కపక్కన ఒరుసుకొంటూ పోతవి.

దూరం జరిగే సరిహద్దును అపసరణ సరిహద్దు అంటారు. మన నగరం నుండి జిద్దాకు పోయినవారు ఎర్ర సముద్రాన్ని చూసే ఉంటారు. ఆఫ్రికా పలక నుండి అరేబియా పలక విడిపోవడం వల్ల ఏర్పడిన లోతైన చీలిక అది. ఆ చీలికలోకి సముద్రజలం ప్రవేశించినది. నేటికీ అది కొద్ది కొద్దిగా వెడల్పవుతూనే ఉన్నది. అట్లాంటిక్ మహాసముద్రం నడుమ వేల మైళ్ళ పొడవున సాగే పర్వతశ్రేణి కూడా ఈ జాతిదే. ఆ శ్రేణి నీటిపైకి తలయెత్తిన చోట ఐస్‌లాండు ద్వీపం ఉన్నది.

ఢీకొనే సరిహద్దు అభిసరణ సరిహద్దు. రెండు ఖండాలు ఢీకొన్నప్పుడు ఏదీ సులభంగా మునగదు. నేల ముడుతపడి పైకి లేస్తుంది. సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రితం భారత పలక యురేషియా పలకను తాకడంతో హిమాలయాలు లేచినవి. ఎవరెస్టు శిఖరాన ఉన్న సున్నపురాతిలో సముద్రజీవుల అవశేషాలు దొరకడం దీనికి గొప్ప సాక్ష్యం. సముద్రపు పలక అయితే మరొక పలక కిందికి దిగిపోతుంది. అట్టిచోట లోతైన అగాధాలు, అగ్నిపర్వతాలు ఏర్పడతవి. అండమాను ప్రాంతంలోని బారెన్ ద్వీపం అట్లా పుట్టిన అగ్నిపర్వతమే. 2004 డిసెంబరు 26న సుమత్రా వద్ద ఇదే సరిహద్దు జారి, పుట్టిన సునామీ మన కోస్తా తీరాన్ని కూడా ముంచెత్తినది.

మూడవది ఒరుసుకొనే సరిహద్దు. ఇక్కడ కొత్త పర్వతాలు పెద్దగా లేవవు. నేల పక్కకు తెగి, వాగులు వంకరపోతవి. కాలిఫోర్నియాలోని శాన్ ఆండ్రియాస్ భ్రంశం ఇట్టిది. 2023 ఫిబ్రవరి 6న తుర్కియేలో 50 వేలమందికి పైగా ప్రాణాలు తీసిన భూకంపం కూడా ఇట్లా పక్కకు జారే భ్రంశంపైననే వచ్చినది.

మరి మన బాటసింగారం?

పటం తీసి చూస్తే నేటి పలక సరిహద్దులన్నీ మనకు దూరంగానే ఉన్నవి. హిమాలయాలు ఉత్తరాన వెయ్యి కిలోమీటర్ల కంటె దూరం. అండమాను బంగాళాఖాతానికి ఆవల. భారత పలక నడుమ, గట్టి దక్కను పీఠభూమిపై మనం నివసిస్తున్నాం. అయితే నేడు సరిహద్దు లేనిచోట ఒకప్పుడు కూడా లేదని అర్థం కాదు. మన కాలి కింది నేలను కూర్చినవి పాత సరిహద్దులే. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన ముఖ్యవిషయం ఇదే.

ఎల్.బి. నగర్ నుండి విజయవాడ రహదారిపై హయత్‌నగర్ దాటి పండ్ల మార్కెట్టు ఉన్న బాటసింగారం వైపు పోతుంటే ఇరుపక్కలా గుండ్రని బండలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు కనిపిస్తవి. గోలకొండ కోటను మోస్తున్నదీ, మౌలాలి గుట్టగా నిలిచినదీ, భువనగిరి కోటకు ఆధారమయినదీ ఈ నల్లసేనపు రాతి కుటుంబమే. దీని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఆనాటి శిలాఖండాలు ఒకదానితో ఒకటి చేరి దక్కను పునాది గట్టిపడిన కాలంలో, భూమిలోపల లోతున శిలాద్రవం మెల్లగా చల్లారి ఈ రాయి అయినది. ఆనాడు దానిపై ఉన్న మైళ్ళకొద్దీ మందమైన నేల ఎండకు, వానకు, గాలికి అరిగిపోయినది. పైబరువు తొలగగానే రాయి పగుళ్ళు విచ్చినది. పగుళ్ళ వెంట నీరు దిగి మూలలను తినివేసినది. చదరపు దిమ్మెలు గుండ్రని బండలయినవి. మన పల్లెలలో బోరుబావికి నీరు ఒకచోట పడి, పది అడుగుల పక్కన పడకపోవడానికి కారణం కూడా ఈ పగుళ్ళే. గట్టి బండలో నీరు నిలువదు. పగుళ్ళలోనూ, శిథిలమైన పై పొరలోనూ మాత్రమే నిలుస్తుంది.

తూర్పునకు పోతే తూర్పు కనుమలు. సుమారు 100 కోట్ల సంవత్సరాల క్రితం ప్రాచీన భారత భూభాగం, తూర్పు అంటార్కిటికా భూభాగం ఢీకొన్నప్పుడు ఈ పర్వతాలు లేచినవి. నేటి హిమాలయాలకు అవి తాతల వంటివి. విశాఖపట్నం కొండలలోని ఖొండలైటు అనే రాయి ఆ ఒత్తిడిలో, వేడిలో రూపు మారిన పాత మట్టి, ఇసుక పొరలే. ఆ రాతికి ఖోండు గిరిజనుల పేరు పెట్టారు. సుమారు 13 కోట్ల సంవత్సరాల క్రితం ఆ రెండు భూభాగాలు తిరిగి విడిపోయినవి. ఆ విడిపోయిన అంచే మన తూర్పు తీరం. ఆ అంచుపైననే కృష్ణా గోదావరులు తమ డెల్టాలను పరచుకొన్నవి.

ఇక గోదావరి లోయ కథ వేరు. రెండు ప్రాచీన శిలాఖండాలు కలిసిన అతుకు అక్కడ ఉన్నది. గోండ్వానా మహాఖండం కాలంలో ఆ అతుకు వెంట నేల సాగి, కుంగి, పొడవైన పగులు లోయ ఏర్పడినది. ఎర్ర సముద్రం వలె అది సముద్రంగా మారలేదు. చీలిక సగంలోనే ఆగిపోయినది. కుంగినచోట అడవులు మునిగి, ఇసుక కింద నలిగి బొగ్గయినవి. 1889 నుండి సింగరేణి గనులు తవ్వుతున్నది ఆ అడవులనే. మహాఖండానికి పేరు తెచ్చిన గోండులు నేటికీ ఆదిలాబాదు అడవులలో నివసిస్తున్నారు. ఆ లోయలో దొరికిన కోటసారస్ అనే రాక్షసిబల్లి అస్థిపంజరాన్ని హైదరాబాదు బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో మన విద్యార్థులు చూడవచ్చు.

అన్ని భూరూపాలూ సరిహద్దుల వల్లనే ఏర్పడవని కూడా గుర్తుంచుకోవాలి. మూసీనది పుట్టే అనంతగిరి కొండల అడుగున ఉన్న నల్లరాయి, సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం పలక నడుమ నుండి ఎగజిమ్మిన లావా. ఆ లావా అరిగిన చోట నల్లరేగడి. మన నల్లసేనపు రాయి అరిగిన చోట ఎర్రని చెలక నేల. పత్తి పండేదెక్కడో, ఆముదం పండేదెక్కడో నిర్ణయించడంలో ఆ పురాతన సంఘటనలకు కూడా భాగం ఉన్నది.

పాత గాయాలు

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకు సమాధానం చెప్పుకొందాం. భారత పలక నేటికీ ఈశాన్య దిశగా సంవత్సరానికి సుమారు 5 సెంటీమీటర్లు నడుస్తున్నది. ఉపగ్రహ సంకేతాల సహాయంతో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఈ నడకను కొలుస్తున్నది. అనగా ఇరవై యేండ్లలో మన నగరం, మన ఇండ్లతో సహా, ఒక మీటరు దూరం ప్రయాణం చేస్తున్నది. ముందర హిమాలయం అడ్డు నిలిచినది. ఆ ఎదురు ఒత్తిడి పలక అంతటా వ్యాపిస్తుంది. గట్టి బండ దానిని భరిస్తుంది. పాత అతుకులు, పాత చీలికలు ఉన్నచోట నేల ఎప్పుడో ఒకప్పుడు జారుతుంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం వద్ద 5.7 తీవ్రతతో భూకంపం వచ్చినది. 2024లో ములుగు. రెండూ గోదావరి లోయలోనివే కావడం గమనించదగినది.

“మన నేల గట్టిది, మనకేమీ కాదు” అనే ధీమా ఎంత ప్రమాదకరమో 1993 సెప్టెంబరు 30న తెలిసినది. మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతం అత్యల్ప ప్రమాద మండలంలో ఉండేది. ఆ తెల్లవారుజామున 6.2 తీవ్రతగల భూకంపంలో సుమారు పదివేలమంది మరణించారు. వారిలో ఎక్కువమంది మట్టితో కట్టిన బరువైన రాతి గోడల కింద నలిగినవారే. తరువాత 2002లో దేశపు భూకంప పటం నుండి ఆ అత్యల్ప మండలాన్నే తొలగించారు. చాలాచోట్ల భూకంపం కంటె ఇల్లే మనిషిని చంపుతుంది. ఎల్.బి. నగర్ నుండి బాటసింగారం దాకా అంతస్తుపై అంతస్తు లేస్తున్న ఈ రోజులలో, రేపు ఇండ్లు కట్టించబోయే మన విద్యార్థులు స్తంభానికీ దూలానికీ మధ్య అతుకును సరిగా చూసుకోవడం నేర్చుకోవాలి. అంతేగాని భయపడి ప్రయోజనం లేదు.

ఒక మనవి

బండలు మన పాఠ్యపుస్తకాలు. 250 కోట్ల సంవత్సరాలు నిలిచిన గుట్టను యంత్రాలు కొద్ది నెలలలో కంకరగా మార్చుతున్నవి. ఇల్లు కట్టాలంటే కంకర కావలసినదే, కాదనలేం. కానీ అన్ని గుట్టలనూ పగులగొట్టితే రాబోయే తరానికి చూపడానికి ఏమి మిగులుతుంది? కళాశాల పాలకవర్గం పెద్దలకు నా మనవి ఇది: గ్రంథాలయంలో ఒక అరను మన ప్రాంతపు రాళ్ళకు కేటాయించండి. సేనపు రాయి, అనంతగిరి నల్లరాయి, సింగరేణి బొగ్గు, విశాఖ ఖొండలైటు — ఈ నాలుగింటిని ప్రక్కప్రక్కన ఉంచి, తెలుగులోనూ ఉర్దూలోనూ పేర్లు వ్రాయిస్తే చాలు. సంవత్సరానికి ఒకసారి విద్యార్థులను ఒక గుట్ట దగ్గరకు నడిపించండి.

విద్యార్థులారా! ఈసారి ఇంటికి పోయే దారిలో ఏదైనా ఒక బండపై చెయ్యి ఉంచి చూడండి. అది కదలనట్లే తోస్తుంది. కానీ అది మీతో కలిసి ఈశాన్యానికి నడుస్తున్నది. ములుగు భూకంపం నాడు నన్ను ప్రశ్న అడిగిన ఆ అబ్బాయి ఇప్పుడు తన ఊరి గుట్టల పటం గీస్తున్నాడు. మీరు కూడా మీ ఊరి పటం గీయండి.