వ్యాపారంలో సమాచారమే పెట్టుబడి

కంప్యూటరంటే జీతాల పట్టీ వేసే యంత్రమని చాలామంది అనుకుంటారు. ఖర్చు తగ్గించడం ఒక ఎత్తు, వ్యాపార పద్ధతినే మార్చడం మరో ఎత్తు. నా దృష్టిలో రెండోదే అసలైన వ్యూహం.

ఐ.టి.సి. సంస్థ 2000లో మధ్యప్రదేశ్‌లో ప్రారంభించిన ‘ఇ-చౌపాల్’నే తీసుకుందాం. అంతకుముందు సోయా రైతుకు ధర తెలిసేది మండీలో వేలం పాడాకే. నచ్చకపోతే బండి వెనక్కి తిప్పుకోగలడా? సంస్థ పల్లెలో ఒక రైతు ఇంట ఇంటర్నెట్ కంప్యూటర్ పెట్టింది. ధర ముందే తెలిసింది. ఎక్కడ అమ్మాలో రైతు ఇష్టం. నేరుగా కొనడంతో సంస్థకు బస్తాల, హమాలీ ఖర్చులు తగ్గాయి.

అయితే కంప్యూటర్ పెట్టినవారూ, సరకు కొనేవారూ ఒక్కరే! సమాచారం ఎవరి చేతిలో ఉంటే బేరం వారిది. కనుక మిత్రులారా, ఏ సంస్థలో కంప్యూటర్ చూసినా ముందుగా ఇదే అడగండి: దీనివల్ల ఎవరికి, ఏమి కొత్తగా తెలిసింది?