స్ఫూర్తినిచ్చిన వ్యక్తి - ఎవరిని గూర్చి వ్రాయవలెను?



మన దేశమున పెక్కు కళాశాలలలో ప్రవేశము మార్కులను బట్టియే లభించును. అమెరికాలోని అనేక విశ్వవిద్యాలయములు మాత్రము మార్కులతో తృప్తిపడక, దరఖాస్తుతోపాటు ఒక వ్యాసమును గూడ కోరును. అచ్చటి పెక్కు విద్యాలయములకు ఉమ్మడిగా పంపదగిన ‘కామన్ అప్లికేషన్’ అను దరఖాస్తులో ప్రధానవ్యాసము 650 మాటలకు మించరాదు. మన దేశమునను కొన్ని విశ్వవిద్యాలయములు ఇట్టి రచనను అడుగుచున్నవి. తనకు స్ఫూర్తినిచ్చిన వ్యక్తిని గూర్చి వ్రాయుట ఇందు చాలమంది ఎన్నుకొను మార్గము. అది సులభముగా తోచును. కాని పలువురు పొరపడునది ఇచ్చటనే.

ఒక విద్యార్థిని ఇట్టి వ్యాసమును వ్రాసి నాకు చూపెను. ఆమె ఎన్నుకొనినది గిడుగు రామమూర్తి పంతులుగారిని. వారు 1863లో జన్మించుట, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులగుట, 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించుట, 1940లో పరమపదించుట - అన్నియు వరుసగా నున్నవి. ఒక్క తేదీయు తప్పు కాదు.

“ఈ వ్యాసము చదివి కళాశాలవారు ఎవరిని చేర్చుకొందురమ్మా?” అని యడిగితిని.

ఆమె కొంచెము ఆలోచించి, “పంతులుగారినే, మాష్టారూ!” అని నవ్వెను.

“సరే, ఆయనను గూర్చి తెలిసికొనిన పిమ్మట నీవు చేసిన పని యేమి?”

అప్పుడు ఆమె సంకోచించుచు చెప్పినది ఇది. వారి ప్రక్కయింటికి ఒక సవర కుటుంబము వచ్చినది. ఆ యింటి పిల్ల తరగతిలో ఎవరితోను మాటాడక కూర్చుండెడిది. వ్యాకరణము గాని నిఘంటువు గాని లేని కాలమున పంతులుగారు సవరల భాషను నేర్చి, వారి బిడ్డలకై ఆ భాషలోనే పుస్తకములు వ్రాసిరని చదివిన మీదట, ఈమె ఒక నోటుపుస్తకము తీసికొని ఆ పిల్లయొద్ద సవరమాటలు నేర్చుకొనుట మొదలిడెను. మొదటి మాటనే తప్పుగా పలికెను. ఆ పిల్ల పకపక నవ్వెను. “అది నవ్వగా నేను చూచుట అదే మొదలు, మాష్టారూ!” అని ముగించెను.

వ్రాయవలసినది అదియే! తేదీలు దాదాపు అన్నియు తొలగిపోయినవి. పంతులుగారికి నాలుగు వాక్యములు మిగిలినవి. తక్కినదంతయు ఆ నోటుపుస్తకము కథ. మొదటి వ్యాసమును ఎవరైనను వ్రాయగలరు. రెండవదానిని ఆమె తప్ప మరియొకరు వ్రాయజాలరు.

కావున వ్యక్తిని ఎన్నుకొనునప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు.

1. ఆ వ్యక్తి వలన నేను చేసిన పని, మానిన పని ఏది?

2. నేను స్వయముగా కన్న, లేక అనుభవించిన సంఘటన ఒక్కటైనను ఇందు కలదా?

3. ఆ పేరు తీసి వేరొక మహనీయుని పేరు పెట్టినను వ్యాసము చెల్లునా? చెల్లినచో దానిని చింపివేయుడు.

ఆ వ్యక్తి సుప్రసిద్ధుడే కానక్కరలేదు. అక్షరము రాకున్నను అంగడిలెక్క తప్పని అవ్వ కావచ్చును. చిరిగిన చొక్కా కుట్టుకొని మీకు పుస్తకములు కొనిన తండ్రి కావచ్చును. వారిని గూర్చి వ్రాయుటకు సిగ్గుపడకుడు. జాలి పుట్టించుటకై లేని కష్టములు కల్పింపకుడు. ముందుగా తెలుగుననే, ఇంటిలో మాటాడు మాటలతోనే వ్రాసికొనుడు. జ్ఞాపకములు తల్లిభాషలోనే తేటగా పలుకును. పిదప ఆంగ్లములోనికి మార్చుకొనవచ్చును.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ బిడ్డ వ్యాసమును మీరు వ్రాయకుడు, డబ్బిచ్చి వ్రాయింపకుడు. అక్షరదోషములు చూపుడు, మరచిన సంగతులు గుర్తుచేయుడు, అంతటితో ఆగుడు. కళాశాలలో చేరవలసినది బిడ్డయే కదా! ఆ కాగితముపై వినవలసినదియు ఆ బిడ్డ గొంతుకయే.