దూరవాణిలో మన 'స'కారం

తెలుగులో 'సకలం' అంటే సమస్తం. 'శకలం' అంటే ముక్క. అర్థంలో ఇంత భేదమున్న ఈ రెండు మాటలను దూరవాణిలో విని వేరుపరచడం చాలాసార్లు కష్టం. ఇది వినేవారి చెవి లోపమూ కాదు, పలికేవారి నాలుక దోషమూ కాదు. ఆ హల్లులను వేరుచేసే ధ్వనిలో చాలా భాగం దారిలోనే వడపోతకు గురవుతుంది. విదేశాలలో పెరిగే మన పిల్లలు తాతయ్య, అమ్మమ్మల పలుకులను ఎక్కువగా వినేది ఇటువంటి సాధనాల ద్వారానే కనుక, వాటి తీరు తెలుసుకోవడం అవసరం.

అచ్చుల బలం ప్రధానంగా సెకనుకు 3,000 కంపనాల లోపున ఉంటుంది. 'స'కారపు బలం అధికభాగం 4,000కు పైన ఉంటుంది. సంప్రదాయ టెలిఫోను వ్యవస్థ 300 నుండి 3,400 కంపనాల వరకే చేరవేస్తుంది. 1972లో అంతర్జాతీయ ప్రమాణమైన జి.711 పద్ధతి ఈ పరిధినే అంకెలలోకి మార్చింది: సెకనుకు 8,000 నమూనాలు, నమూనాకు 8 బిట్లు, వెరసి 64,000 బిట్లు.

1988 నాటి జి.722 పద్ధతి 50 నుండి 7,000 కంపనాల వరకు అందిస్తుంది. విశేషమేమంటే, దీనికీ ఆ 64,000 బిట్లే చాలు. ధ్వనిని రెండు పట్టీలుగా విభజించి, కింది పట్టీకి 48,000, పై పట్టీకి 16,000 బిట్లు కేటాయిస్తుంది. నమూనా మొత్తాన్ని గాక, ముందుగా అంచనా వేసిన విలువకూ అసలు విలువకూ గల భేదాన్ని మాత్రమే పంపుతుంది.

బల్లమీది ఇంటర్నెట్ ఫోను అమరికలలో ఈ పద్ధతుల జాబితా 'కోడెక్' అనే పేరుతో ఉంటుంది. అందులో జి.722ను మొదటి స్థానంలో ఉంచాలి. అయితే అవతలి ఫోనుగాని, నడుమనున్న ఏ అంచెగాని దానిని ఎరుగకపోతే, సంభాషణ సాధారణంగా జి.711కే దిగిపోతుంది. కనుక ఉభయుల వద్దా తగిన పరికరాలుండాలి.

ఇక ఆలస్యం సంగతి. న్యూయార్కు, హైదరాబాదుల మధ్య దూరం సుమారు 13,000 కిలోమీటర్లు. అంత పొడవు గాజుతీగను దాటడానికే కాంతికి 65 మిల్లీసెకన్లు పడుతుంది. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు మించకుంటే సంభాషణ సహజంగా సాగుతుంది. ముందువెనుకలుగా వచ్చే ధ్వని పొట్లాలను సరిచేసే 'జిట్టర్ బఫర్'ను పెద్దదిగా పెడితే ఆ గడువు కాస్తా ఖర్చవుతుంది. పరిస్థితిని బట్టి దానంతటదే మారే అమరిక మేలు.

మరి రెండు సూచనలు. అవతలివారికి తమ మాటే తిరిగి వినబడుతూంటే, సాధారణంగా దోషం మన వైపుదే. మన స్పీకరు ధ్వని మన మైకులో దూరుతున్నదన్నమాట. ప్రతిధ్వని నివారణ అమరికను పనిచేయనిచ్చి, స్పీకరు ధ్వని తగ్గించాలి. లేదా రిసీవరు చేతపట్టి మాట్లాడాలి. వృద్ధుల మెల్లని మాటల తొలి అక్షరాలు తెగిపోతూంటే, వారి ఫోనులో నిశ్శబ్దాన్ని పంపకుండా ఆపే అమరికను తీసివేయించాలి.

ఇవన్నీ సరిచూసిన పిదప పెద్దలచేత 'సరం', 'శరం' అని పలికించి, పిల్లలను వ్రాయమనండి. దండకూ బాణానికీ తేడా పిల్లల చెవికి అందితే అమరిక సఫలమైనట్లే.