ఏడుగురికి ఒక అన్న

ఇరవై ఎనిమిదేళ్లు స్కౌట్ మాస్టారిగా పనిచేశాను. రిటైరై ఆరేళ్లయింది. మొన్న ఒక కుర్ర మాస్టారు ఇంటికొచ్చి, "వేసవి శిబిరంలో ఆరో తరగతి పిల్లల్ని తొమ్మిదో తరగతి వాళ్లకు అప్పగిస్తున్నాం, ఏం చూసుకోవాలి మాస్టారూ?" అని అడిగారు. ఆయనకు చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

1. వెనకాడకుండా అప్పగించండి. 1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో స్కౌటింగ్ స్థాపకుడు బేడెన్ పవెల్ నడిపిన తొలి శిబిరానికి వచ్చింది ఇరవై మంది దాకా కుర్రాళ్లు. పెద్ద పెద్ద బడుల్లో చదివేవాళ్లూ, పనివాళ్ల పిల్లలూ కలిసే వచ్చారు. ఆయన వాళ్లను నాలుగు పాట్రోళ్లుగా, అంటే చిన్న జట్లుగా, విడదీసి, ఒక్కోదానికి వాళ్లలోనే ఒక పెద్ద కుర్రాణ్ణి నాయకుడిగా పెట్టాడు. మన స్కౌట్లూ గైడ్లూ నేటికీ నడిచేది ఆ పద్ధతిలోనే.

2. ఒక్కో నాయకుడికి ఆరుగురు, మహా అయితే ఎనిమిది మంది. ఒక ఏడాది మాస్టార్లు చాలక పద్నాలుగు మందిని ఒకడికే అప్పగించాను. వాడు మంచి పిల్లాడే. కానీ ఒక చిన్నవాడు మధ్యాహ్నం అన్నం ముట్టలేదన్న సంగతి రాత్రికి గానీ బయటపడలేదు. తప్పు వాడిది కాదు, లెక్క తప్పిన నాది.

3. నేర్పేవాడి చేతులు వెనక్కి ఉండాలి. రీఫ్ నాట్ అనే ముడి నేర్పేటప్పుడు పాట్రోల్ లీడర్లు అందరూ చేసే పని ఒకటే. చిన్నవాడు తడబడగానే తాడు లాక్కుని తామే కట్టి, "చూశావా, ఇంతే" అంటారు. వాడు చూశాడు, నేర్చుకోలేదు. అందుకని లీడర్లకు నేనో నియమం పెట్టాను: చేతులు వెనక్కి కట్టుకుని నోటితోనే చెప్పాలి. "కుడిది ఎడమ మీదుగా వెయ్యి. ఇప్పుడు ఎడమది కుడి మీదుగా." రెండుసార్లూ కుడిదే పైకి వేస్తే ముడి పడ్డట్టే కనిపిస్తుంది, లాగితే జారిపోతుంది. జారనివ్వాలి. "ఎందుకు జారింది రా?" అని అడగాలి. నాలుగోసారికి ముడికి రెండు వైపులా తాళ్లు సాపుగా పక్కపక్కన పడుకున్నప్పుడు ఆ పిల్లాడి మొహం చూడండి. వాడికంటే లీడరు మొహమే ఎక్కువ వెలుగుతుంది.

4. మొదటి రాత్రి పెద్దవాళ్లు చిన్నవాళ్ల మధ్యనే పడుకోవాలి. అమ్మ గుర్తొచ్చి దుప్పట్లో ఏడ్చే పిల్లవాడు ఏ శిబిరంలోనైనా ఒకడుంటాడు. ఒక లీడరు అలాంటి వాణ్ణి "ఏడవకు" అని ఒక్క మాటా అనలేదు. "బాత్రూంకి వెళ్లాలి రా, చీకటిగా ఉంది, తోడొస్తావా?" అని టార్చి వాడి చేతికిచ్చాడు. వాడు ముక్కు తుడుచుకుంటూ ముందు నడిచాడు. నా సర్వీసులో అంత చక్కటి ఉపాయం నాకు తట్టలేదు.

5. ఆటలో పెద్దవాళ్లు పోటీదారులు కాకూడదు. కిమ్స్ గేమ్ ఆడించేటప్పుడు తువ్వాలు మీద ఇరవై నాలుగు వస్తువులు పరుస్తాం. చింతగింజ, తాళంచెవి, సుద్దముక్క, ఏవైనా సరే. ఒక్క నిమిషం చూపించి మూసేస్తే గుర్తున్నవి రాయాలి. వస్తువులు ఏరడం, టైం చూడటం పెద్దవాళ్ల పని.

6. ఇది చెప్పడం నాకు కష్టం. ఒక సాయంత్రం పదో తరగతి కుర్రాడొకడు ఆలస్యంగా లైనులోకి వచ్చిన చిన్నవాడి చేత గుంజీలు తీయిస్తున్నాడు. "వినపడటం లేదూ? గట్టిగా లెక్కపెట్టు!" అంటున్నాడు. కోప్పడదామని వెళ్లి ఆగిపోయాను. ఆ మాటలు నావి. ఆ చూపుడు వేలు ఊపడమూ నాదే. తరగతిలో నేనెలా ఉంటానో అక్కడ ఇంకో గొంతులో వింటున్నాను. ఆ రాత్రి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "నీకు అలా నేర్పింది నేనే నాయనా, ఇకమీదట ఇద్దరం మానేద్దాం" అన్నాను. నేను గుంజీలు తీయించడం అప్పటినుంచీ మానేశాను. పెద్దపిల్లలకు నాయకత్వం మీద ఎన్ని పాఠాలు చెప్పినా, వాళ్లు చిన్నవాళ్లతో వాడేది మనం వాళ్లతో వాడిన గొంతునే.

7. రోజూ సాయంత్రం లీడర్లంతా పది నిమిషాలు కూర్చోవాలి. ఎవరు తిన్నారు, ఎవరు డల్‌గా ఉన్నారు, రేపేం చేద్దాం. మాస్టారు చివర మాట్లాడాలి.

శిబిరాలు పెట్టే మాస్టార్లకు, టీచరమ్మలకు ఒక మనవి. చిన్నపిల్లలు రావడానికి ఒకరోజు ముందే పెద్దవాళ్లను పిలవండి. ఆ ఒక్కరోజూ వాళ్లకు మీరు అన్నగానో అక్కగానో ఉండండి.