సెకండ్ హ్యాండ్ సరౌండ్ ప్రాసెసర్ కొంటున్నారా? ముందు వెనక ప్యానెల్ చదవండి

మంచి సౌండ్‌బార్ కోసం దాచుకున్న డబ్బుతో ఒకప్పటి ఫ్లాగ్‌షిప్ హోమ్ థియేటర్ ప్రాసెసర్ దొరుకుతోంది. కొనాలా, వద్దా? ఇంతకుముందు నన్ను ఫోన్ల గురించి అడిగేవాళ్లే ఈమధ్య ఇది అడుగుతున్నారు. నా సమాధానం: కొనొచ్చు, కానీ లోపల ఉన్న ఒక్క బోర్డు సంగతి తేల్చుకున్నాకే. ఎందుకో చెప్తాను.

నేను ఏడాదిన్నరగా మరాంట్జ్ ఏవీ8801 వాడుతున్నాను. 2012 చివర్లో ప్రకటించిన మోడల్, అమెరికాలో ధర 3,600 డాలర్ల దరిదాపుల్లో ఉండేది. అమీర్‌పేటలో ఒకాయన 75,000 చెప్పారు, 62,000కి తెగింది. ఈ నంబర్ చూసి వెంటనే క్లాసిఫైడ్స్ ఓపెన్ చేయకండి, లెక్క ఇంకా ఉంది.

ఈ డబ్బాలో ఏముంటుంది, ఏముండదు

షాపుల్లో కనిపించే ఏవీఆర్ అంటే ఒకే డబ్బాలో రెండు పనులు. ఒకటి, వచ్చిన డిజిటల్ ఆడియోని డీకోడ్ చేసి, ఛానెళ్లుగా విడదీసి, గదికి తగ్గట్టు సరిచేసి అనలాగ్‌గా మార్చడం. రెండోది, ఆ చిన్న సిగ్నల్‌ని స్పీకర్లు మోగేంత పెంచడం. ప్రాసెసర్ చేసేది మొదటి పని మాత్రమే. వెనక స్పీకర్ వైర్లు పెట్టే చోటే ఉండదు. ఆర్‌సీఏ, ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్‌పుట్లు ఉంటాయి, అక్కడి నుంచి విడిగా పవర్ యాంప్లిఫయర్‌కి వెళ్లాలి.

కాబట్టి మీ దగ్గర యాంప్ లేకపోతే 62,000 అనేది అసలు ధర కాదు. వాడిన ఐదు ఛానెళ్ల యాంప్ ఒకటి, కేబుళ్లు, స్పీకర్లు కలిపితే లక్ష దాటిపోతుంది. నా దగ్గర యాంప్, స్పీకర్లు ముందే ఉన్నాయి కాబట్టి నాకు కుదిరింది. అవి లేనివాళ్లకి నా సలహా సూటిగా: కొత్త ఏవీఆర్ తీసుకోండి, వారంటీ కూడా వస్తుంది. ఇంకో మాట. అమ్మేవాళ్లు ఎప్పుడూ కొన్నప్పటి ధరతో పోల్చి చూపిస్తారు, "నాలుగో వంతుకే ఇస్తున్నా" అంటారు. మీరు పోల్చాల్సింది ఈరోజు అదే డబ్బుకి వచ్చే కొత్త ఏవీఆర్‌తో.

ఏది పాతబడింది, ఏది పాతబడలేదు

అసలు పాఠం ఇదే. పాత ప్రాసెసర్ అంతా ఒకే వేగంతో పాతబడదు.

అనలాగ్ వైపు చూడండి. డీఏసీ చిప్పులు, ప్రీయాంప్ సర్క్యూట్, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్. 2012లో హై ఎండ్ వాటిలో పెట్టిన డీఏసీల నాయిస్ అప్పటికే మన చెవికి అందనంత కింద ఉంది. పంజాగుట్ట చౌరస్తా దగ్గర ఫ్లాట్‌లో, కిటికీలు మూసినా బస్సు హారన్ వినిపించే హాల్‌లో, ఆ డీఏసీకీ ఈ ఏడాది డీఏసీకీ తేడా పట్టుకోవడం నా వల్ల కాదు. పట్టుకోగలనని చెప్పేవాళ్లని కళ్లకి గంతలు కట్టి వినిపించమనండి.

ఇక డిజిటల్ వైపు, అంటే హెచ్‌డీఎంఐ బోర్డు. ముసలితనం అంతా ఇక్కడే. ఏవీ8801లో ఉన్నది హెచ్‌డీఎంఐ 1.4 తరం. హెచ్‌డీఎంఐ 2.0 వచ్చింది 2013లో, 2.1 వచ్చింది 2017లో. వీటితోపాటు హెచ్‌డీసీపీ అనేది ఒకటుంది. కాపీ కొట్టకుండా ప్లేయర్, టీవీ ఒకదాన్నొకటి గుర్తుపట్టే తాళం లాంటిది. 4కే కంటెంట్ చాలావరకు హెచ్‌డీసీపీ 2.2 అడుగుతుంది. మధ్యలో ఉన్న ప్రాసెసర్‌కి అది తెలియకపోతే 4కే ప్లేయర్ 1080పీకి దిగిపోతుంది, లేదా స్క్రీన్ ఖాళీగా ఉంటుంది.

ఈ ఒక్క తాళం ఎంత పని చేసిందో చూడాలంటే తర్వాతి మోడల్ ఏవీ8802 చూడండి. 2015లో వచ్చింది, అట్మాస్ ఉంది, కానీ మొదట అమ్మిన వాటిలో హెచ్‌డీసీపీ 2.2 లేదు. తర్వాత బోర్డు మార్చే అప్‌గ్రేడ్ ఇచ్చారు, కొత్తగా తయారైనవి ఏవీ8802ఏ పేరుతో వచ్చాయి. ముందు నుంచి చూస్తే రెండూ ఒకటే. ప్రకటనలో ఆ చివరి 'ఏ' లేకపోతే, అప్‌గ్రేడ్ చేయించారా అని అడగండి, రుజువు చూడండి. పాత ఏవీ8802 కొనేటప్పుడు వేలల్లో తేడా ఆ ఒక్క అక్షరం దగ్గరే ఉంటుంది.

అట్మాస్ గురించి కూడా చాలామందికి ఒక భయం ఉంది: పాత ప్రాసెసర్‌కి అట్మాస్ ట్రాక్ ఇస్తే సౌండే రాదేమో అని. వస్తుంది. ఇళ్లల్లో వాడే అట్మాస్ రిసీవర్లు 2014లో మొదలయ్యాయి. అంతకు ముందువి అట్మాస్ అదనపు సమాచారాన్ని పట్టించుకోకుండా అందులోనే ఉన్న 5.1 లేదా 7.1 ట్రాక్‌ని ప్లే చేస్తాయి. డీటీఎస్:ఎక్స్ కూడా అంతే. మీరు పోగొట్టుకునేది పైకప్పు స్పీకర్ల ఎఫెక్ట్. అద్దె ఇంట్లో సీలింగ్‌కి డ్రిల్ వేయనిచ్చే ఓనర్ మీకుంటే అది పెద్ద నష్టమే. నాకు లేరు.

మరి 4కే టీవీతో ఎలా నడుపుతున్నాను

వీడియోని ప్రాసెసర్ గుండా పంపకపోవడమే కిటుకు. స్ట్రీమింగ్ అంతా టీవీ యాప్స్‌లోనే. సౌండ్ టీవీ నుంచి ఏఆర్‌సీ ద్వారా ప్రాసెసర్‌కి డాల్బీ డిజిటల్ 5.1గా వస్తుంది. ఈఏఆర్‌సీ మీ టీవీలో ఉన్నా ఇక్కడ లాభం లేదు, అది రెండు వైపులా ఉండాలి. గేమ్ కన్సోల్ ఉంటే నేరుగా టీవీకే పెట్టండి, 4కే 120 హెర్ట్జ్ ఈ పాత బోర్డు గుండా పోదు.

డిస్కులకి వేరే దారి ఉంది. సోనీ యూబీపీ-ఎక్స్700, పానసోనిక్ డీపీ-యూబీ820 లాంటి 4కే బ్లూరే ప్లేయర్లకి రెండు హెచ్‌డీఎంఐ అవుట్‌పుట్లు ఉంటాయి. ఒకటి టీవీకి బొమ్మ ఇస్తుంది, రెండోది ప్రాసెసర్‌కి ఆడియో మాత్రమే ఇస్తుంది. అప్పుడు డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో పూర్తిగా అందుతాయి, తాళం గొడవ ఉండదు.

కానీ నిజం మాట్లాడుకుందాం. మనం చూసే తెలుగు సినిమాల్లో డిస్కు మీద దొరికేవి ఎన్ని? ఎక్కువ భాగం ఓటీటీలోనే చూస్తాం. నెట్‌ఫ్లిక్స్ లెక్క ప్రకారం 5.1 ఆడియో గరిష్ఠంగా 640 కేబీపీఎస్, అట్మాస్ 768 కేబీపీఎస్, రెండూ కంప్రెస్ చేసినవే. అంటే సోర్స్ దగ్గరే హద్దు ఉంది. ఫైట్ సీన్‌లో డైలాగ్ స్పష్టంగా వినబడటం, బేస్ బుస్సుమనకుండా దెబ్బలా తగలడం, మా ఇంట్లో నాకు ఈ డబ్బా తెచ్చిన తేడా అదే. దానికి కారణం ఫార్మాట్ కాదు, రూమ్ కరెక్షన్.

అమీర్‌పేటలో గంటంపావు

మైత్రీవనం చుట్టుపక్కల కోర్సులు నేర్చుకుని ఏటా ఎంతోమంది విదేశాలకి వెళ్తుంటారు. వెళ్లేవాళ్లు అమ్ముతారు, వచ్చేవాళ్లు సామాన్లలో తెస్తారు. నాకు అమ్మినాయన కుటుంబంతో కెనడా వెళ్తున్నారు. "నువ్వు నిదానంగా చెక్ చేసుకో తమ్ముడూ" అన్నారు. నేను నిజంగానే నిదానంగా చేశాను, ఆయన రెండుసార్లు టీ పెట్టించాల్సి వచ్చింది.

ముందు వెనక ప్యానెల్ మీద వోల్టేజ్. మనది 230 వోల్ట్‌లు, అమెరికా నుంచి వచ్చినది 120 వోల్ట్‌ల మీద నడుస్తుంది, జపాన్ లోకల్ పీస్ అయితే 100. వోల్టేజ్ తేడా ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. ప్రాసెసర్‌కి చిన్నదే సరిపోతుంది, కానీ ఆ ఖర్చు బేరంలో కలపండి. నాది 230 వోల్ట్‌ల పీసే.

తర్వాత ల్యాప్‌టాప్‌ని ప్రతి హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కీ మార్చి మార్చి పెట్టాను. ఒక్కటి కూడా వదలకూడదు. "మిగతా ఆరు పనిచేస్తున్నాయి కదా అన్నా" అనుకునే చోటు కాదిది. ఒక పోర్ట్ చచ్చిందంటే అదే బోర్డు మీద మిగతావి వరుసలో ఉండొచ్చు. కేబుల్ మార్చేటప్పుడు ప్రతిసారీ స్విచ్ ఆఫ్ చేయించాను, ఆన్‌లో ఉండగా పీకి పెడితే బాగున్న పోర్ట్ కూడా పోయే ప్రమాదం ఉంది. ఆ తర్వాత లోపలి టెస్ట్ టోన్‌తో అన్ని ఛానెళ్లూ. అన్ని స్పీకర్లు అక్కడ లేకపోయినా ఒక్క యాక్టివ్ స్పీకర్, ఒక కేబుల్ చాలు, ఒక్కో అవుట్‌పుట్‌కి మార్చుకుంటూ పోవచ్చు. అదే స్పీకర్‌తో సోర్స్ లేకుండా వాల్యూమ్ పెంచి హమ్, పటపటలు ఉన్నాయేమో విన్నాను.

అతి ముఖ్యమైనది చివరిది: వేడెక్కనివ్వడం. హెచ్‌డీఎంఐ చిప్పుల టంకాలు వదులైతే చల్లగా ఉన్నప్పుడు బాగానే పనిచేసి, నలభై నిమిషాలు దాటాక సిగ్నల్ పోయి వస్తుంది. అందుకే గంటకి తక్కువ కాకుండా వీడియో నడిపించి చూడండి. అమ్మేవాళ్లకి టైం లేదంటే, మీరు కొనడానికీ టైం లేదని చెప్పండి.

రిమోట్, సెటప్ మైక్ రెండూ అడిగి తీసుకోండి. ఏదో ఒక మైక్ పెడితే కుదరదు. ఆడిస్సీ వాడే మోడళ్లకి వాటి మైకే కావాలి. ఆంథెమ్ లాంటి వాటిలో ప్రతి మైక్‌కీ సొంత కాలిబ్రేషన్ ఫైల్ ఉంటుంది.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట మెట్రోలో ఒక్క స్టేషనే. అయినా ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. అరబస్తా బియ్యం మోసినట్టే ఉంటుంది, మెట్లమీద దానితో సాహసాలు వద్దు.

పంజాగుట్ట హాల్‌లో 40 హెర్ట్జ్

మా హాల్ 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. మార్బుల్ ఫ్లోర్, గట్టి గోడలు. గది పొడవుకి రెట్టింపు తరంగదైర్ఘ్యం ఉన్న శబ్దం గోడల మధ్య నిలబడిపోతుంది. లెక్క తేలిక: శబ్ద వేగం సెకనుకి సుమారు 343 మీటర్లు, గది పొడవు 4.27 మీటర్లు, దాని రెట్టింపుతో భాగిస్తే 40 హెర్ట్జ్. వెడల్పుకి 51 హెర్ట్జ్. బేస్ గిటార్ అతి కింది తీగ 41 హెర్ట్జ్ అని గుర్తుంచుకుంటే, పాటలో ఒక్క నోట్ మాత్రం ఎందుకు గోడలు అదిరేలా మోగుతుందో అర్థమవుతుంది.

ఏవీ8801లో ఉన్న ఆడిస్సీ మల్ట్ఈక్యూ ఎక్స్‌టీ32 ఎనిమిది చోట్ల వరకు కొలిచి ఇలాంటి ఉబ్బుల్ని తగ్గిస్తుంది. మైక్‌ని చేత్తో పట్టుకోకండి, మొబైల్ ట్రైపాడ్‌కి బిగుస్తుంది, చెవి ఎత్తులో పెట్టండి. ఫ్యాన్, ఏసీ, ఫ్రిజ్ ఆఫ్. నేను రాత్రి పదకొండున్నర దాటాక, రోడ్డు కాస్త సద్దుమణిగాక చేశాను. పగలు చేస్తే హారన్ మధ్యలో దూరి మళ్లీ కొలవమంటుంది.

అయితే ఉబ్బుని తగ్గించగలదు గానీ గుంతని పూడ్చలేదు. నా సోఫా సరిగ్గా గది మధ్యలో ఉండేది, 40 హెర్ట్జ్ నిలువు తరంగం మాయమయ్యేది కూడా అక్కడే. సోఫాని రెండడుగులు వెనక్కి జరిపితే వచ్చిన బేస్ ఏ సెట్టింగ్‌తోనూ రాలేదు. ఫర్నిచర్ జరపడం ఉచితం, ముందు అది చేసి తర్వాత కొలవండి. కొలిచాక స్పీకర్లన్నీ స్మాల్ అని, క్రాసోవర్ 80 హెర్ట్జ్ అని పెట్టండి. డైనమిక్ వాల్యూమ్ ఆన్ అయి ఉంటే సినిమాలకి ఆఫ్ చేయండి. ఇంట్లో అందరూ పడుకున్నాక చూసేటప్పుడు మాత్రం అది బాగా పనికొస్తుంది.

ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుళ్ల మీద డబ్బు పోయకండి. ప్రాసెసర్, యాంప్ ఒకే ర్యాక్‌లో ఉంటే మామూలు ఆర్‌సీఏ చాలు.

వేడి, కరెంటు, చివరికి బోర్డు పోతే

ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల ఆయుష్షు పది డిగ్రీలు తగ్గితే సుమారు రెట్టింపు అవుతుందని ఇంజినీర్లు వాడే లెక్క. మన ఏప్రిల్, మేలో మూసి ఉన్న టీవీ యూనిట్ అరలో దీన్ని పెట్టడం అంటే ఆ లెక్కని తిరగేయడమే. పైన నాలుగు వేళ్ల ఖాళీ వదలండి. ఇన్వర్టర్ ఉంటే ప్యూర్ సైన్ వేవ్ అయితేనే దీన్ని దానికి కలపండి. కేబుల్ టీవీ వైర్ తగిలించగానే హమ్ మొదలైతే అది గ్రౌండ్ లూప్, ప్రాసెసర్ తప్పు కాదు. ఎర్త్ పిన్ మాత్రం పీకేయకండి.

కెపాసిటర్లు పోతే కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాలు దొరుకుతాయి, చెయ్యి తిరిగిన టెక్నీషియన్ మార్చగలడు. హెచ్‌డీఎంఐ బోర్డు అలా కాదు. చిప్ కాళ్లు కింద దాగి ఉంటాయి, ఇన్నేళ్ల తర్వాత కొత్త బోర్డు దొరకడం కష్టం. అందుకే కొనేటప్పుడే ఇంకో ప్రశ్న వేసుకోండి: ఆ బోర్డు రేపు పోతే ఈ డబ్బా నాకు ఎందుకు పనికొస్తుంది? నా విషయంలో ఆప్టికల్ ఇన్‌పుట్ ఉంది, టీవీ నుంచి డాల్బీ డిజిటల్ 5.1 దాని గుండా కూడా వస్తుంది, స్టీరియో పాటలకి అనలాగ్ ఇన్‌పుట్లు ఉన్నాయి, రూమ్ కరెక్షన్ ఎప్పటిలాగే పనిచేస్తుంది. పోయేది డిస్కుల లాస్‌లెస్ ఆడియో, మెనూ టీవీ మీద కనిపించడం. ఆ స్థితిలో దీనికి నేను ఇచ్చే ధర 25,000. మిగతా 37,000 నేను ఆ బోర్డుకి పెట్టిన డబ్బు. మీరు చూస్తున్న మోడల్‌కి ఇదే లెక్క వేసి, ఆ రెండో అంకె పోయినా ఈఎంఐ కట్టగలరో లేదో చూసుకుని అప్పుడు ఫోన్ చేయండి.